మా అక్కయ్య, రేకుల కుండ

ఈ జ్ఞాపకంలో మనిషి పేరు రాయడం లేదు. తల్లిదండ్రులు పెట్టిన పేరు రాయడం ఆమెకు ఇష్టం లేదు. తనకు తానుగా పెట్టుకున్న పేరు రాయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే మా కోనసీమలో పేరు తెలిస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే గుమ్మం దాకా దారి తెలుస్తుంది. మా అమ్మకు స్వయానా అక్క అయిన మా పెద్దమ్మకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల. రెండో సంతానం నాకన్నా నాలుగేళ్లు పెద్ద. నాకు పదమూడేళ్లు వచ్చేదాకా ఆ రెండో సంతానాన్ని చిన్నన్నయ్య అని పిలిచాను, ఇప్పుడు అక్కయ్య అంటున్నాను. ఈ రెండు పిలుపుల మధ్య పదిహేడేళ్లు ఏ పిలుపూ లేకుండా గడిచాయి. చిన్ననాటి సంగతులు చెప్పేటప్పుడు కూడా నేను 'ఆమె' అనే రాస్తాను. చదివేవారికి మొదట్లో కొంచెం తికమకగా ఉండవచ్చు గానీ, ఆమె అప్పుడూ ఆమే.

మా అమ్మమ్మగారి ఊరు ఆత్రేయపురానికి కూతవేటు దూరంలో ఉండేది. మా నాన్నగారు కాకినాడలో తెలుగు మాస్టారు కావడంతో వేసవి సెలవులు ఇచ్చిన మర్నాడే మమ్మల్ని అక్కడ దింపేవారు. అమ్మమ్మ పూతరేకులు తీసేది. ఇప్పుడు ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, రోడ్డు పొడవునా దుకాణాలే. అప్పట్లో అవి పెళ్లిళ్లకూ పండగలకూ ఇళ్లలో తీసుకునేవి. రేకుల కుండ అంటే నీళ్ల కుండ కాదు. వీపు నున్నగా ఉండేలా దీనికోసమే చేయించిన కుండను బోర్లించి, పక్కనున్న కంతలోంచి ఎండు కొబ్బరాకు మంట పెడతారు. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిని పాలకన్నా పల్చగా నీళ్లలో కలిపి, పల్చటి గుడ్డను అందులో ముంచి, రెండు కొసలూ పట్టుకొని ఆ వేడి వీపు మీదుగా ఒక్క లాగు లాగాలి. గుడ్డ అటు దాటేలోపే కుండ మీద తెల్లటి పొర ఆరిపోయి అంచు లేస్తుంది. ఆ అంచును సమయానికి అందుకుంటే రేకు, రెప్పపాటు ఆలస్యమైతే మాడు.

మా అమ్మ, పెద్దమ్మ, పెద్దక్కయ్య, నేను, అందరం ఆ కుండ ముందు ఓడిపోయినవాళ్లమే. మా చేతుల్లో రేకు చిరిగేది, లేదా అట్టులా మందంగా వచ్చేది. పదేళ్ల వయసులో ఆ కుండ దగ్గర కూర్చొని, అవతల ఉన్న మనిషి మొహం కనిపించేంత పల్చటి రేకు తీసింది ఒక్క ఆమే. మోకాళ్లు దగ్గరగా ముడుచుకొని, పొగకు కళ్లు చికిలించి, జుట్టు లేని చోట కూడా జుట్టు చెవి వెనక్కి సర్దుకొనే ఆ కూర్చోవడం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. "ఈ చేతివాటం నా కూతుళ్లకు రాలేదు" అని అమ్మమ్మ మురిసిపోయేది. పెదనాన్న మాత్రం పొలం నుంచి వచ్చి ఆ దృశ్యం చూసిన రోజున రెక్క పట్టుకొని లాక్కుపోయేవాడు. దెబ్బలు వినిపించేవి గానీ ఏడుపు వినిపించేది కాదు.

అట్లతద్ది నాడు తెల్లవారకముందే ఊళ్లో ఆడపిల్లలందరూ గోరింటాకు చేతులతో ఉయ్యాలల దగ్గర చేరేవారట, వాళ్లలో ఆమె కూడా ఉండేదట. సూర్యుడొచ్చాక బడి. ఎర్రగా పండిన అరచేతులు చాపమని పంతులుగారు బెత్తం తీశారు. "అరచేతులు రెండు విధాలా పండాయి" అని ఆమె చాలా ఏళ్ల తర్వాత నవ్వుతూ చెప్పింది. తను ఆడపిల్లనని ఎప్పుడు తెలిసిందని నేను అడిగితే, "నువ్వు ఆడపిల్లవని నీకు ఎప్పుడు తెలిసింది?" అని ఎదురు ప్రశ్న వేసింది. ఎంత వెతికినా నాకు ఆ రోజు దొరకలేదు. నాకెవరూ చెప్పనక్కర లేకపోయింది, అంతే. ఆమెకూ ఎవరూ చెప్పలేదు. తేడా ఏమిటంటే, నన్ను చూసి ఎవరూ కాదనలేదు.

ఆ ఊళ్లోనే ఒక సంక్రాంతికి పౌరాణిక నాటకం వేస్తూ, ఆడవేషాలకు మనుషులు దొరక్క ఆమెకు సత్యభామ వేషం ఇచ్చారు. పదహారేళ్లు. ఆడవేషాలకు పేరుమోసిన రంగస్థల నటుడు స్థానం నరసింహారావుగారు పోయి అప్పటికి ఏడెనిమిదేళ్లే అయింది. ఆయన సత్యభామను కళ్లారా చూసిన పెద్దలు ఊళ్లో ఇంకా ఉన్నారు. జడ పట్టుకొని ఆమె అలా ఒక్క చూపు చూడగానే ఆ పెద్దల్లో ఒకాయన లేచి, "అచ్చం స్థానం వారే" అని జేబులోంచి పది రూపాయల నోటు తీసి ఆమె పమిటకు పిన్నీసు పెట్టాడు. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ రాత్రి పెదనాన్న కూడా పొంగిపోయాడు. తెల్లారి అదే నడకతో చెరువుగట్టు మీద నడిచి వస్తుంటే, రాత్రి చప్పట్లు కొట్టిన కుర్రాళ్లే వెనకాల ఆ పాడు మాట అరిచారు. స్థానం వారు రంగు కడిగేసుకున్నాక ఇంటికి వెళ్లే మగమనిషి. పురుషులు స్త్రీ పాత్రలు వేయడం మన రంగస్థలం మీద గొప్ప కళ, అందులో సందేహం లేదు. కానీ ఆ కళనూ మా అక్కయ్య జీవితాన్నీ ఒకే గాటన కట్టేవారిని చూస్తే నాకు చిరాకు. ఆ రాత్రి ఆమె వేషం వేయలేదు.

తర్వాత ఒక మానసిక వైద్యుడి దగ్గరికి కూడా తీసుకెళ్లారు. నిద్రమాత్రల వంటివేవో రాసి, త్వరగా పెళ్లి చేయమన్నాడట. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలా ఉండడాన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తీసేస్తూ కొత్త వర్గీకరణను ఆమోదించింది 2019లో. మా పెద్దమ్మ ఆ మాత్రలు అన్నంలో కలిపి పెట్టింది 1978లో. 1979లో, పెళ్లిచూపుల మాట ఇంట్లో మొదలైన వారానికి, ఆమె రాజమండ్రి స్టేషనులో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు వెళ్లిపోయింది. ఇంట్లోంచి ఒక్క వస్తువూ తీసుకెళ్లలేదు.

ఏడేళ్లు కబురు లేదు.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదను మా ప్రాంతంలో ఎవరూ మరచిపోరు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చిందని లెక్క. అమ్మమ్మ ఇంట్లో నడుంలోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు తీశాక ఒండ్రు ఎత్తిపోయడానికి అమ్మతో పాటు నేనూ వెళ్లాను. ఒక మధ్యాహ్నం పోస్టుమాను మోకాళ్ల దాకా బురదతో వచ్చి, అమ్మమ్మ పేర రెండు వందల రూపాయల మనియార్డరు వచ్చిందన్నాడు. పంపినవారి పేరు ఏదో ఆడమనిషి పేరు, మాలో ఎవరమూ వినని పేరు. అమ్మమ్మకు చదువు రాదు. మనియార్డరు ఫారం అడుగున రెండు ముక్కలు రాసుకోవడానికి చీటీలాంటి జాగా ఉండేది కదా, అందులో ఉన్నది పోస్టుమానే పైకి చదివాడు: "అమ్మమ్మకు నమస్కారాలు. వరద సంగతి పేపర్లో చూశాను. రేకుల కుండ పగలకుండా ఉందా?"

ఒండ్రు ఎత్తుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. పోస్టుమాను వేలిముద్రకు సిరా అద్దుతూ, "ఎవరండీ ఈవిడ?" అని మామూలుగా అడిగాడు. అమ్మమ్మ బొటనవేలు కాగితం మీద నొక్కి, "మా మనవరాలేనండి. హైదరాబాదులో ఉంటాది" అంది. అంతే. అప్పటిదాకా ఆ మనిషి గురించి "వాడు ఎక్కడున్నాడో, తిన్నాడో లేదో" అని కుమిలిన అదే నోరు, ఆ పూట నుంచి చనిపోయేదాకా "అది పంపింది, అది రాసింది" అనే అంది. ఎవరూ నేర్పలేదు, ఎవరితోనూ చర్చించలేదు. పెద్దమ్మ మాత్రం చేతిలో పార అక్కడే వదిలేసి దొడ్లోకి వెళ్లిపోయింది.

నా తప్పు ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. 1990లో నా పెళ్లికి అమ్మమ్మ ఆ చీటీ తెచ్చి, చిరునామా చూసి శుభలేఖ వెయ్యమంది. కవరు మీద శ్రీ అని రాయాలో శ్రీమతి అని రాయాలో తేలలేదని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. అత్తవారి వైపు ఎవరైనా చూస్తారేమోనన్న భయమే అసలు కారణం. శుభలేఖ నా పెట్టెలోనే ఉండిపోయింది. పెళ్లయిన నెలకు నూట పదహార్ల మనియార్డరు వచ్చింది.

1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ కొబ్బరి తోటలను పడుకోబెట్టిన పది రోజులకు ఆమె స్వయంగా వచ్చింది. రావులపాలెంలో బస్సు దిగి, రిక్షాలో, ముదురాకుపచ్చ నేతచీరతో. పెదనాన్న అప్పటికి లేడు. కప్పు లేచిపోయిన ఇంట్లో మంచం మీదున్న అమ్మమ్మ చేయి చాపితే, ఆ చేయి తీసుకొని చెంపకు ఆనించుకుంది. తర్వాత నావైపు తిరిగింది. నేను "అన్న" అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఆమె చాలాసేపు, నిజంగా చాలాసేపు ఎదురుచూసింది. "ఏమే, పిలవడం మర్చిపోయావా?" అంది చివరికి. అక్కయ్యా అన్నాను. ఆ మాట నోట్లోంచి రావడానికి పదిహేడేళ్లు పట్టింది గానీ, వచ్చాక పలకడం ఏమీ కష్టంగా లేదు.

పెద్దమ్మ మాట తీరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. తెలుగు మాస్టారి కూతుర్ని కాబట్టి ఇది నాకు మొదటి రోజే పట్టుబడింది. మన భాషలో ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడేటప్పుడు క్రియకు లింగభేదం లేదు. ఆడవాళ్లనైనా మగవాళ్లనైనా వచ్చావు, తిన్నావు అనే అంటాం. లేని మనిషి గురించి చెప్పేటప్పుడే వచ్చాడో వచ్చిందో తేల్చుకోవాలి. అయితే ఇంట్లోవాళ్ల మధ్య ఎదురుగా ఉన్నప్పుడు కూడా తప్పించుకోలేని చిన్న ముక్క ఒకటుంది: కొడుకైతే తిన్నావురా, కూతురైతే తిన్నావే. ఆడపిల్లల్ని కూడా ముద్దుగా 'రా' అనే ఇళ్లున్నాయి గానీ మా ఇల్లు అలాంటిది కాదు. పెద్దమ్మ ఆ రోజు అన్నం వడ్డిస్తూ "తిన్నావా" అని ఊరుకుంది. 'రా' అనడానికి ఎదురుగా చీర ఉంది, 'ఏ' అనడానికి నోరు రాలేదు. "ఎప్పుడు బయల్దేరడం?" "నీళ్లు తోడాను, స్నానం కానివ్వడమే." ఇరవై ఆరేళ్లకు పైగా పెద్దమ్మ తన సంతానంతో అలా తోక తెగిన వాక్యాలతోనే మాట్లాడింది. అది కోపం కాదు. కోపమైతే 'రా' అనే ఉండేది.

హైదరాబాదు సంగతులు ఆమె తక్కువగా చెప్పేది. హిజ్రాల గురువు ఇంట్లో చేలాగా, అంటే శిష్యురాలిగా చేరడం, గురువుకు వంట చేయడం, వాళ్లు కొలిచే బహుచరా మాత పూజ, తర్వాత నిర్వాణం. శస్త్రచికిత్సను వాళ్లు ఆ మాటతోనే చెప్పుకొంటారు. నేను దాని గురించి తరచి అడగలేదు. ఇటువంటి మనిషి కనబడగానే అందరూ మొదట అడిగేది ఆ ఒక్క ప్రశ్నే కాబట్టి, నేను అడగకపోవడమే మర్యాద అనిపించింది. నిజాం కాలంలో, 1329 ఫసలీలో, అంటే 1919లో, హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలనీ, ఆడదుస్తులతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చనీ చేసిన చట్టం ఒకటి 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టివేసేదాకా పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. ఆ వార్త ఆమెకు ఫోనులో చదివి వినిపిస్తే, "చట్టం పేరు ఇప్పుడే వింటున్నాను, లాఠీ మాత్రం అప్పుడే తెలుసు" అంది.

గురువు పోయాక 2005లో రాజమండ్రి వచ్చి, ఇద్దరు చేలాలతో ఒక చిన్న పోర్షను అద్దెకు తీసుకుంది. పెళ్లిళ్లకు పూతరేకులు తీసి అమ్ముతూ బతికింది, ఇప్పటికీ అదే పని. 2011 జనాభా లెక్కల్లో మొదటిసారిగా స్త్రీ, పురుషులకు తోడు ఇతరులు అనే మూడో అంకె పెట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ గడిలో తేలినవారు 43,769 మంది. ఆ లెక్కలో మా అక్కయ్య లేదు. లెక్క రాయడానికి వచ్చిన ఉపాధ్యాయురాలు కలం పట్టుకొని మొహమాటపడుతుంటే, "రెండు వెయ్యండమ్మా, స్త్రీ" అని చెప్పి మజ్జిగ ఇచ్చి పంపిందట. ఆమె చేలాల్లో ఒకామె మాత్రం మూడే వేయించుకుంది. తనకు స్త్రీ అనే మాట కూడా ఇరుకే అన్నదట. ఒకే వంటింట్లో అన్నం తినే ఇద్దరు అలా వేరువేరు గడుల్లో కూర్చున్నారు, ఇద్దరికీ ఎదుటివారి గడి గురించి ఫిర్యాదు లేదు.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టులో జస్టిస్ రాధాకృష్ణన్, జస్టిస్ సిక్రీల ధర్మాసనం, తానెవరో చెప్పుకొనే హక్కు ఆ మనిషిదేననీ, అందుకు శస్త్రచికిత్స షరతు పెట్టరాదనీ తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత 2019లో వచ్చిన చట్టం ట్రాన్స్‌జెండర్ అన్న గుర్తింపుకు సొంత ప్రమాణపత్రం చాలంది గానీ, స్త్రీ అనో పురుషుడనో రాయించుకోవాలంటే శస్త్రచికిత్స జరిగినట్టు ఆసుపత్రి నుంచి పత్రం తెమ్మంది. 2022లో జిల్లాల విభజనతో కలెక్టరేటు రాజమండ్రికే రావడంతో ఆమె ఆ పని పెట్టుకుంది. హైదరాబాదులో ఎప్పుడో జరిగినదానికి కాగితం ఎక్కడిది? చివరికి మొదటి రకం గుర్తింపు కార్డే చేతికి వచ్చింది. "కార్డు ఒకటంటుంది, జనాభా లెక్క ఒకటంటుంది, నేను నేనే" అని దాన్ని ఉప్పు డబ్బా వెనక పెట్టింది.

ఆ ఏడాదే కార్తికంలో ఇద్దరం ర్యాలి వెళ్లాం. చిన్నప్పుడు అమ్మమ్మ మమ్మల్ని చాలాసార్లు తీసుకెళ్లిన గుడి అది. జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ఒకే రాయి. ముందు నుంచి చూస్తే నాలుగు చేతుల కేశవుడు. అర్చకులు దీపంతో వెనక్కి తిప్పి చూపిస్తే కొప్పు ముడి, నడుము ఒంపు, మోహిని. పాదాల దగ్గర నీరు ఊరుతూనే ఉంటుంది. మోహిని వెంట శివుడు పరుగెత్తినప్పుడు ఆమె కొప్పులోని పువ్వు రాలిన చోటు కాబట్టి ర్యాలి అని ఊరివారు చెబుతారు, ఎదురుగానే శివాలయం. దర్శనం అయ్యాక బయట అరుగు మీద కూర్చొని, నేను కొంచెం ఉద్వేగంగానే, ఇంతమంది మొక్కే దేవుడిలోనే ఇద్దరూ ఉన్నప్పుడు నిన్నెందుకు కాదన్నారో అన్నాను. ఆమె కొబ్బరిచిప్ప పీచు గిల్లుతూ, "నాకు దేవుడి పోలిక పెట్టకే. ఆయన పనిబడి వేషం వేశాడు, పని అయ్యాక తీసేశాడు. నేను పుట్టినప్పుడు తగిలించిన వేషం తీసేశాను. రెండూ ఒకటెలా అవుతాయి?" అంది. బృహన్నల పేరు ఎత్తబోయిన నేను నోరు మూసుకున్నాను. అది కూడా ఏడాది అజ్ఞాతవాసమే కదా.

2023 మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి అమలాపురంలో చేశాం. ఈసారి మొదటి శుభలేఖ రాజమండ్రికే వెళ్లింది. పెళ్లికూతురిని బుట్టలో కూర్చోబెట్టి మేనమామలు మండపానికి మోసుకురావాలి, నాకు అన్నదమ్ములు లేరు, వరసైన బాబాయి కొడుకు అమెరికా నుంచి రాలేనన్నాడు. అప్పుడు బంధువుల్లో ఒక పెద్దాయన, నలభై ఏళ్లుగా ఆమె పేరెత్తితే లేచి వెళ్లిపోయే మనిషి, ఫోను చేసి, "ఎంతైనా పుట్టుక పుట్టుకే కదమ్మా, ఆ ఒక్క పూటకీ పంచె కట్టుకోమను" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమెకు చెబితే మాత్రం పడీపడీ నవ్వింది. "పంచె కట్టి నాలుగు పదులు దాటింది, మధ్యలో ఊడిందంటే పిల్ల కింద పడుద్ది. పైగా నాకు నడుం నొప్పి. పెద్దమ్మగా వస్తాను, పెద్దమ్మ చెయ్యాల్సినవి చేస్తాను" అంది. బుట్ట చివరికి బాబాయి మనవలు ఇద్దరు ఎత్తారు.

పెళ్లిలో ఆమె చేసినవి పెద్ద పనులేమీ కాదు. పెళ్లికూతురికి నలుగు పెట్టింది, పూలజడ వంకర పోతే సరిచేసింది, విడిదికి తాను తీసిన రేకులు మూడు వందలు పంపింది. మగపెళ్లివారిలో ఒకావిడ భక్తిగా దగ్గరికి వచ్చి రూపాయి బిళ్ల చేతిలో పెట్టి, దీవించి తిరిగి ఇవ్వమంది. అక్కయ్య ఆ బిళ్లను మర్యాదగానే వెనక్కి ఇచ్చి, "నేను పెళ్లికూతురి పెద్దమ్మనండి, భోజనాలు అటువైపు" అని చూపించింది. తిట్టేవాళ్లకన్నా ఇలాంటివాళ్లతోనే ఆమెకు ఎక్కువ ఓపిక కావలసి వస్తుందని ఆ రోజు నాకు అర్థమైంది.

జీలకర్ర బెల్లం ముహూర్తం దగ్గర పడింది. ఎనభై దాటిన పెద్దమ్మ ముందు వరసలో కుర్చీలో కూర్చొని, చుట్టూ తడుముకుంటూ కంగారుపడుతోంది. నేనూ అక్కయ్యా ఆవిడ కుర్చీ వెనక నిలబడ్డాం.

"ఏమే, అక్షింతల పళ్లెం ఎక్కడ పెట్టావే?"

నేను ముందుకు వంగి వెతకబోయాను.

"నిన్ను కాదే" అంది పెద్దమ్మ.

సన్నాయి జోరందుకుంది. అక్కయ్య వంగి, తల్లి ఒడిలోని చీర కొంగు పక్కకు తీసింది. పళ్లెం అక్కడే ఉంది.